బొమ్మలో చరిత్ర చదవడం ఎలా: రాజునీ దేవుణ్ణీ చివర్లో చూడండి

సాలార్‌జంగ్ మ్యూజియం చూసొచ్చినోళ్ళని ఏం చూశారని అడిగితే ఎక్కువమంది చెప్పేవి రెండే, ముసుగేసుకున్న రెబెక్కా విగ్రహం, గంట కొట్టే గడియారం. రెండూ బాగుంటాయి, కాదనను. కానీ అదే మ్యూజియంలో మినియేచర్ పెయింటింగులు కూడా ఉన్నాయి, వాటి ముందు జనం ఆగడం చాలా తక్కువ, ఎందుకంటే అక్కడ నిలబడి ఏం చెయ్యాలో మనకి స్కూల్లో ఎవరూ చెప్పలేదు. హిస్టరీ అంటే తేదీలు, యుద్ధాలు, రాజుల పేర్లు అని చదువుకున్నాం, పుస్తకంలో బొమ్మలేమో పేజీలో ఖాళీ నింపడానికి వేసినవి అనుకున్నాం. ఈ గైడ్ ఆ లోటు కోసమే రాస్తున్నా: ఒక పాత బొమ్మ ముందు నిలబడితే అందులోంచి చరిత్ర ఎలా రాబట్టాలి, అది చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మాలి, ఆ తర్వాత మన ఇంట్లో ఉన్న ఫోటోల్ని, బొమ్మల్ని ఏం చెయ్యాలి.

అసలు ఇంత కష్టం ఎందుకు పడాలి అనేది ముందు చెప్తా. శాసనం వేయించేది రాజు, లేకపోతే రాజుకి దగ్గరోళ్ళు, లేకపోతే బాగా ఉన్నోళ్ళు. అందులో ఉండేది దానమిచ్చిన భూమి హద్దులు, వంశం, బిరుదులు. నీళ్ళు మోసే ఆవిడ చీర ఎలా కట్టేదో, డప్పు కొట్టేవాడు డప్పుని ఎటు తగిలించుకునేవాడో, ఎడ్లబండి చక్రానికి ఎన్ని ఆకులుండేవో ఏ శాసనంలోనూ దొరకదు, అది రాయాల్సిన సంగతి అని ఎవరికీ అనిపించలేదు కాబట్టి. బొమ్మ వేసేవాడికి అలా వదిలేసే వీలు లేదు. ఊరేగింపు వెయ్యాలంటే ఏనుగు పక్కన మనిషిని వెయ్యాలి, ఆ మనిషికి ఏదో ఒక బట్ట తొడగాలి, చేతిలో ఏదో ఒకటి పెట్టాలి, అప్పుడు తను రోజూ చూసేదే చేతికొస్తది. అట్లా ఎవరూ రాసిపెట్టని జనం బొమ్మల్లోకి వచ్చేశారు. పాత కళని కాపాడుకోవాలి అనడానికి నాకు ఇదే అన్నిటికంటే పెద్ద కారణం, అందం ఆ తర్వాత.

వెళ్ళే ముందు

మ్యూజియం మొత్తం ఒక్క రోజులో చూసేద్దాం అనుకోకండి. ఒక గది, అందులో మూడో నాలుగో బొమ్మలు, అంతే చాలు. సాలార్‌జంగ్‌కీ, పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియంకీ శుక్రవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి. చిన్న నోట్‌బుక్, పెన్సిల్ తీసుకెళ్ళండి. ఫోటోలకి పర్మిషన్ ఉందో లేదో కౌంటర్‌లో అడగండి, ఉన్నా సరే మొదటి పది నిమిషాలు ఫోన్ జేబులోనే ఉండనివ్వండి, ఫోటో తీసేశామంటే చూసేశాం అనిపించి కాళ్ళు పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళిపోతాయి. బోర్డు మీద రాసింది కూడా వెంటనే చదవకండి. చదివితే అది చెప్పిందే కనిపిస్తది, మిగతాది కనిపించదు.

మూలల నుంచి మొదలుపెట్టండి

ఏ బొమ్మలో అయినా మన కన్ను మధ్యలోకి పోతది, వేసినవాడు కావాలనే అక్కడ రాజునో దేవుణ్ణో కూర్చోబెట్టాడు. మీరు మాత్రం కింద ఎడమ మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంబడి మొత్తం చుట్టి రండి. ఎవరున్నారు, కాళ్ళకి చెప్పులున్నాయా లేవా, తలకేం చుట్టుకున్నారు, చేతిలో ఏముంది, కుండ మట్టిదా ఇత్తడిదా, ఏ జంతువులున్నాయి, ఏ చెట్టు. అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి, అర్థం కానివి కూడా రాసుకోండి, నిజానికి అర్థం కానివే తర్వాత ఎక్కువ పనికొస్తాయి. అప్పుడు మధ్యలోకి రండి.

లేపాక్షి తీసుకోండి. హైదరాబాద్ నుంచి బెంగళూరు రోడ్డు మీద పోయేవాళ్ళు హిందూపురం వైపు తిరిగితే వస్తది. 16వ శతాబ్దం, విజయనగర కాలం, వీరభద్రస్వామి గుడి పైకప్పు నిండా రంగుల బొమ్మలు. చాలామంది వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగి చూసి, నంది దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. మీరు తల పైకెత్తి శివుణ్ణీ పార్వతినీ కాసేపు పక్కనపెట్టి వరసలో నిలబడ్డ మామూలు ఆడవాళ్ళ చీరలు చూడండి, ఒక చీరలాగా ఇంకోటి ఉండదు, గళ్ళు, చారలు, పువ్వులు, అంచులు, ఐదువందల ఏళ్ళ కిందటి నేతపని పైకప్పుకి అతికించినట్టు అక్కడే ఉంది. మగవాళ్ళ తలమీద పొడుగ్గా, శంకువులాగా నిలబడ్డ టోపీలు చూడండి, అవే కుళ్ళాయిలు. కన్నడ రాజ్యానికి పోయి కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చిందని విసుక్కునే చాటువు ఒకటి శ్రీనాథుడి పేరు మీద ఉంది కదా, ఆ పద్యం చదివి టోపీ ఎట్లా ఉంటదో ఊహించుకోలేకపోయినవాళ్ళకి జవాబు ఆ పైకప్పు మీద ఉంది. గుడి కట్టించిన విరూపణ్ణ, ఆయన తమ్ముడు కూడా ఆ బొమ్మల్లో ఉన్నారు, దేవుడికి దండం పెట్టుకుంటూ.

ఇంకా దగ్గర్లో కావాలంటే చేర్యాల బొమ్మలు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ వాళ్ళు వేసే పటాలు, శిల్పారామంలో కూడా చిన్న సైజువి దొరుకుతాయి, కానీ గోడకి తగిలించుకునే ఫ్రేము చూసి పటం అంటే ఇదే అనుకోవద్దు. అసలు పటం మూడడుగుల వెడల్పుతో గజాల కొద్దీ పొడుగుండే గుడ్డ. బట్టకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద కథ మొత్తం వరసగా వేస్తారు. ఆ పటాన్ని కథ చెప్పేవాళ్ళు ఊరూరా తీసుకెళ్ళి, రాత్రిపూట కొంచెం కొంచెం విప్పుతూ చెప్పేవాళ్ళు. పద్మశాలీలకి కూనపులి వాళ్ళు మార్కండేయ పురాణం, గౌడులకి గౌడజెట్టీలు గౌడ పురాణం, ముదిరాజులకి కాకిపడగల వాళ్ళు, ఇట్లా ఒక్కో కులానికి ఒక్కో కథ, ఒక్కో పటం. పుస్తకంలో ఎక్కని కులాల చరిత్ర, వాళ్ళు తమ గురించి తాము చెప్పుకున్నది, గుడ్డ మీద ఉంది అన్నమాట. ఇందులో దేవుళ్ళు కూడా తెలంగాణ ఊళ్ళో మనుషుల్లాగే ఉంటారు. మగ్గం కనిపిస్తే దాని గుంట, పలక, నాడె ఎలా వేశారో చూడండి, తాటిచెట్టు ఎక్కేవాడు కనిపిస్తే నడుముకి మోకు ఎలా కట్టుకున్నాడో చూడండి. వేసినవాడు ఆ పనులు చేసేవాళ్ళ మధ్యే బతికాడు, అడిగి వేయించుకున్నవాళ్ళు కూడా వాళ్ళకి సంబంధించినవాళ్ళే, మోకు తప్పు కడితే చూసేవాళ్ళు ఊరుకోరు. అందుకే పనిముట్ల విషయంలో నేను రాజుల దర్బారు బొమ్మ కంటే చేర్యాల పటాన్నే ఎక్కువ నమ్ముతా.

రెండు తేదీలు అడగండి

ప్రతి బొమ్మకీ రెండు కాలాలుంటాయి, అందులో ఉన్న సంగతి జరిగిన కాలం, బొమ్మ వేసిన కాలం. ఈ రెండూ కలిపేస్తే మొత్తం పాడైపోతది. చాంద్‌బీబీ బొమ్మలు చూసే ఉంటారు, గుర్రం మీద కూర్చుని చేతి మీద డేగతో వేటకి పోతున్నట్టు, దక్కన్ చిత్రాల్లో చాలా ఇష్టంగా వేసిన విషయం అది. ఆమె మొఘలుల మీద అహ్మద్‌నగర్ కోటని కాపాడి 1600 ప్రాంతంలో చనిపోయింది. ఆ బొమ్మలు మాత్రం ఎక్కువ 18వ శతాబ్దంలో వేసినవి, అంటే వేసినవాళ్ళు ఆమెని చూడలేదు. ఆ మొహం ఆమె మొహం అని చెప్పలేం. అట్లాగని బొమ్మ దండగ కాదు, ఆమె పోయిన వందేళ్ళ తర్వాత కూడా దక్కన్‌లో జనం ఆమెని ఎంత తలుచుకునేవాళ్ళో ఆ బొమ్మలు చెప్తాయి. ఆ బట్టలు, గుర్రపు జీను మాత్రం వేసినవాడి కాలానివి అనుకోవాలి. పురాణాల బొమ్మలకీ ఇదే లెక్క, రాముడి పట్టాభిషేకంలో తుపాకీ పట్టుకున్న సిపాయి కనిపిస్తే నవ్వుకుని వెళ్ళిపోకండి, అది వేసినవాడి ఊళ్ళో అప్పటికి తుపాకీ వచ్చేసింది అనడానికి రుజువు.

ఒకే రాయి మీద చాలా కాలాలు కలిసి ఉండటం కూడా ఉంటది. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో అడవిదున్న, జింక లాంటి జంతువుల బొమ్మలూ ఉన్నాయి, ఆయుధాలు పట్టుకున్న మనుషులూ ఉన్నారు, అదంతా ఒకేసారి ఒకళ్ళే వేశారనుకోకూడదు. ఏ రంగు మీద ఏ రంగు పడిందో చూస్తే ఏది ముందో ఏది తర్వాతో తెలుస్తది. అక్కడికి పోతే దయచేసి చెయ్యి పెట్టి తడమొద్దు, నీళ్ళు చల్లి ఫోటో తియ్యొద్దు.

డబ్బులెవరిచ్చారు

రాజా దీన్‌దయాళ్ గురించి హైదరాబాదులో ఉన్నవాళ్ళు తెలుసుకోవాలి. 1844లో పుట్టి 1905లో పోయాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో. చౌమహల్లా ప్యాలెస్ లోపలి అందం, వేటలు, విందులు, మిలిటరీ కవాతులు, మన ఊరి 19వ శతాబ్దం చివరి రోజులు మన కళ్ళ ముందుకి వచ్చాయంటే చాలావరకు ఆయన పుణ్యమే. కానీ ఎవరు తీయమంటే తీశాడు అనేది కూడా చూడాలి. దర్బారు డబ్బులిచ్చింది, దర్బారు ఎట్లా కనబడాలనుకుందో అట్లా ఫోటోలో కూర్చుంది. ఇంకో సంగతి, 1892లో ఆయన ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో పెట్టాడు, దాన్ని ఒక ఇంగ్లిష్ ఆవిడ చూసుకునేది, పరదాలో ఉండే ఆడవాళ్ళు మగవాడి కెమెరా ముందుకి రారు కాబట్టి. ఈ ఒక్క సంగతి తెలిస్తే పాత హైదరాబాద్ ఫోటోల్లో ఎక్కడ చూసినా మగవాళ్ళే ఎందుకుంటారో అర్థమైపోతది. ఊళ్ళో ఆడవాళ్ళు లేక కాదు, కెమెరా వెనక నిలబడింది మగవాడు కాబట్టి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ఉదాహరణ మన ఊరిది కాదు, అయినా చెప్తా. 1943లో బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ అనే చిత్రకారుడు ఊళ్ళ వెంట తిరిగి ఎముకలు తేలిన మనుషుల్ని ఇంకుతో గీశాడు, వాళ్ళ సంగతులు రాశాడు. అది చిన్న పుస్తకంగా అచ్చయితే బ్రిటిష్ ప్రభుత్వం కాపీలు పట్టుకుని నాశనం చేసింది. ఏ రాజూ డబ్బులివ్వని బొమ్మ అది. గీసిన గీత సాక్ష్యం అవుతదని ప్రభుత్వానికి బాగా తెలుసు కాబట్టే అంత భయపడింది.

చెరిపేసినదీ చరిత్రే

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం, కొంచెం ఓపిగ్గా చదవండి.

1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది, అళియ రామరాయల తల నరికారు, మనందరికీ తెలిసిన కథే. గెలిచిన సుల్తానుల్లో ఒకడు అహ్మద్‌నగర్ హుసేన్ నిజాం షా, ఆయన్ని పొగుడుతూ పర్షియన్‌లో రాసిన కావ్యం చేతిరాత ప్రతి ఒకటి బొమ్మలతో సహా పుణెలో భారత ఇతిహాస సంశోధక్ మండల్ దగ్గరుంది. రామరాయల తల నరకడం కూడా అందులో బొమ్మగా ఉంది, గెలిచినవాళ్ళ వైపు నుంచి. అది ఒక పాఠం, మనం ఏడ్చిన యుద్ధం వాళ్ళకి పండుగ. కానీ అదే ప్రతిలో ఇంకో సంగతి ఉంది. సుల్తాను పక్కన సింహాసనం మీద ఆయన రాణి ఖుంజా హుమాయూన్‌ని కూడా వేశారు, ఆ కాలంలో ఒక రాణిని రాజు పక్కన బాహాటంగా అట్లా వెయ్యడం చాలా అరుదు. సుల్తాను పోయాక ఆమే కొడుకు తరఫున రాజ్యం నడిపింది. 1569లో కొడుకు ఆమెని బంధించాడు. ఆ తర్వాత ఆ పేజీల్లో చాలాచోట్ల ఆమె బొమ్మని చెరిపేశారు, ఇప్పుడు సుల్తాను పక్కన ఒక మరక ఉంటది, మనిషి ఆకారంలో. ఆమె ఎవరో కాదు, పైన చెప్పుకున్న చాంద్‌బీబీ తల్లి. తల్లిని బొమ్మలోంచి తీసేశారు, కూతుర్ని మాత్రం చనిపోయిన వందేళ్ళకి కూడా వేస్తూనే ఉన్నారు.

కాబట్టి బొమ్మలో మరక, గీకిన చోటు, మొహం కొట్టేసిన విగ్రహం, వేరే రంగు పూసిన భాగం కనిపిస్తే పాడైపోయింది అని దాటేయొద్దు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని నోట్‌బుక్‌లో రాసుకోండి.

రిపేరు కూడా ఇంతే. చార్మినార్ నుంచి హైకోర్టు వైపు వస్తే పత్తర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉంది. చార్మినార్ 1591, దాని తర్వాత కొన్నేళ్ళకే మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించింది ఇది, లోపల గోడల మీద రంగు పెంకుల పని 1611 నాటిది. పసుపు, నీలం, ఆకుపచ్చ, పీరు ఆకారంలో కూర్చిన పెంకులు, నాలుగువందల ఏళ్ళ తర్వాత కూడా నిన్న అతికించినట్టు ఉంటాయి. ఇప్పుడు కింది భాగం జాగ్రత్తగా చూడండి, కొన్నిచోట్ల పెంకులు లేవు, వాటిని పోలిన రంగు బొమ్మ వేశారు. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చినప్పుడు పోయిన పెంకుల జాగా అది. వరద గురించి పుస్తకాల్లో ఎంత చదివినా, నీళ్ళు ఈ గోడ మీద పెంకుల్ని ఊడదీశాయి అని చెయ్యి చూపించి చెప్పగలిగే చోటు ఇది. ఇక్కడ ఒక మాట, అది మ్యూజియం కాదు, ఇప్పటికీ మొహర్రంలో పీర్లని నిలబెట్టే చోటు, చెప్పులు విప్పండి, లోపల ఉన్నవాళ్ళని అడిగి చూడండి, గోడకి ఆనుకోవద్దు.

కాపీని చిన్నచూపు చూడొద్దు

స్టేట్ మ్యూజియంలో అజంతా గ్యాలరీ ఉంది, అందులోవి అసలు కాదు కాపీలు అని తెలియగానే జనం వెనక్కి తిరిగిపోతారు. ఆగండి. అజంతా అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. బ్రిటిష్ వాళ్ళ తరఫున రాబర్ట్ గిల్ అనే మిలిటరీ ఆఫీసరు ఏళ్ళ తరబడి అక్కడ కూర్చుని కాపీలు వేశాడు, 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మంటలొచ్చి దాదాపు అన్నీ కాలిపోయాయి. తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూలు గ్రిఫిత్స్ తన స్టూడెంట్లతో మళ్ళీ వేయించాడు, 1885లో లండన్‌లోనే అవీ చాలా కాలిపోయాయి. మూడోసారి లేడీ హెరింగ్‌హామ్ అనే బ్రిటిష్ చిత్రకారిణి 1909 నుంచి 1911 మధ్య వచ్చినప్పుడు నందలాల్ బోస్ లాంటి బెంగాల్ చిత్రకారులతో పాటు మన హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్ కూడా ఆ గుహల్లో పనిచేశాడు. ఆ సయ్యద్ అహ్మద్ వేసిన కాపీలే మీరు పబ్లిక్ గార్డెన్స్‌లో చూసేవి. 1920లో గులాం యజ్దానీ నడిపిన నిజాం పురావస్తు శాఖ ఇటలీ నుంచి నిపుణుల్ని పిలిపించింది, వాళ్ళు పెచ్చులూడిపోకుండా ఆపారు గానీ పైన పూసిన వార్నిష్ తర్వాత పసుపుబారి రంగుల్ని మార్చేసింది. ఇప్పుడు చెప్పండి, గోడ మీదిది మారిపోతుంటే వందేళ్ళ కిందట మంచి చెయ్యి చూసి వేసుకున్న కాపీ ఎంత విలువైంది. ఆ బొమ్మల్లో మూడు తెరచాపల ఓడ ఉంది, మన పోచంపల్లి నేతని గుర్తుచేసే గీతల బట్టలున్నాయి, 5వ శతాబ్దంలో. వెళ్ళినప్పుడు వెతకండి.

అమరావతి బౌద్ధ స్తూపం కథ ఇంకా బాధగా ఉంటది. 1798 ప్రాంతంలో కోలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ ఆఫీసరు అక్కడికి వచ్చేసరికి జమీందారు కొత్త ఊరు కట్టడం కోసం స్తూపం రాళ్ళని తవ్విస్తున్నారు. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చేసరికి చాలా పోయాయి, మిగిలినవాటిని తన మనుషులతో ఒక్కొక్కటీ గీయించి పెట్టాడు. మెకంజీకి ఈ దేశం గురించి చెప్పింది మన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఆ డ్రాయింగుల్లో ఉన్న రాళ్ళలో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు, ఆ కాగితమే వాటి ఆనవాలు. స్తూపం పైకి ఎట్లా ఉండేదో మనకి తెలిసింది కూడా ఆ స్తూపం పలకల మీద శిల్పులు అదే స్తూపాన్ని చెక్కి పెట్టారు కాబట్టి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అలాంటి పలక ఒకటుంది, దాని ఒక వైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు శిల్పం, వెనక వైపు తిప్పి మూడు నాలుగు వందల ఏళ్ళ తర్వాత చెక్కిన స్తూపం. పాత రాయిని పారేయకుండా తిప్పి వాడుకున్నారు, ఒకే పలక మీద రెండు కాలాల చెక్కడం.

రెండో సాక్షిని పిలవండి

బొమ్మ ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పొద్దు. నాగార్జునకొండ రాజప్రాసాదం దగ్గర దొరికిన స్తంభం మీద ప్యాంటు, పొడుగు అంగీ, తలపాగా కాకుండా టోపీ వేసుకున్న సైనికుడున్నాడు, మధ్య ఆసియా నుంచి వచ్చిన శకుల వేషం. కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకుల రాజధానిలో ఇతనికేం పని అనిపిస్తది. అక్కడి శాసనాలు చూస్తే ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక ఇక్ష్వాకుల ఇంటికి కోడలిగా వచ్చిందని ఉంది, ఉజ్జయిని అప్పుడు శకుల చేతిలో ఉంది. శాసనం పెళ్ళి సంగతి చెప్పింది, ఆ వేషం ఎట్లా ఉండేదో బొమ్మ చూపించింది. ఆ సైనికుడు రాణితోనే వచ్చాడని నేననను, కానీ రెండూ పక్కపక్కన పెడితే ఆ ఊళ్ళో ఎవరెవరు తిరిగేవాళ్ళో ఒక ఊహకి ఆధారం దొరికింది.

రామప్పది ఇంకా గొప్ప ఉదాహరణ. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, గోడల మీద, స్తంభాల మీద నాట్యం చేసేవాళ్ళు, మద్దెల వాయించేవాళ్ళు, కోలాటం వేసేవాళ్ళు. కాకతీయ రాజు గణపతిదేవుడి దగ్గరే పనిచేసిన జాయప సేనాని నాట్యం మీద సంస్కృతంలో గ్రంథం రాసిపెట్టాడు. ఎప్పుడో ఆగిపోయిన కాకతీయుల కాలపు పేరిణి నాట్యాన్ని నాట్యగురువు నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథంలోని మాటల్నీ ఈ రాళ్ళ మీది భంగిమల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని మళ్ళీ నిలబెట్టారు. మాట ఒక్కటే ఉంటే అడుగు ఎట్లా పడుతదో తెలియదు, రాయి ఒక్కటే ఉంటే ఒక భంగిమ తర్వాత ఏ భంగిమో తెలియదు. ఇవాళ రవీంద్రభారతిలో పేరిణి చూసి చప్పట్లు కొడుతున్నామంటే ఎనిమిదివందల ఏళ్ళ కిందట ఒక శిల్పి మోకాలు ఎంత వంచాలో సరిగ్గా చూసి చెక్కాడు కాబట్టి.

ఇప్పుడు మీ ఇల్లు

ఇదంతా నేర్చుకుని ఇంట్లో పాత ట్రంకుపెట్టె తెరవకపోతే సగం పనే చేసినట్టు. అమ్మమ్మ పెళ్ళి ఫోటో, స్టూడియోలో వెనక వేసిన మేడ, పూలతోట పరదా, చేత్తో రంగులద్దిన తాతయ్య ఫోటో, ఇవి రేపటివాళ్ళకి మీ లేపాక్షి పైకప్పు. పద్ధతి అదే, పెళ్ళికూతురిని చివర్లో చూడండి. అంచున నిలబడ్డవాళ్ళు ఎవరు, పందిరి దేంతో వేశారు, గ్యాస్ లైట్లా కరెంటు బల్బులా, వంటపాత్రలు ఏవి, పిల్లల కాళ్ళకి చెప్పులున్నాయా.

ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కో ఫోటో చూపిస్తూ అడగండి, చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసుకోండి, తెలియదు అంటే తొందరపెట్టకండి, మూడో ఫోటో దగ్గర మొదటి ఫోటోలో మనిషి పేరు గుర్తొస్తది. పేర్లు ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర చాలా తేలిగ్గా రాయండి, బాల్‌పెన్ను వద్దు, నొక్కు ముందువైపు తేలుతది, ఇంకు కూడా పాకుతది. ప్లాస్టిక్ కాగితం అతుక్కునే పాత ఆల్బమ్‌లు ఉంటే ఫోటోలని బలవంతంగా పీకకండి, ముందు అట్లాగే పేజీతో సహా స్కాన్ చేసుకోండి లేదా నీడ వెలుతురులో ఫ్లాష్ లేకుండా నిటారుగా పైనుంచి ఫోటో తీసుకోండి. లామినేషన్ మాత్రం అస్సలు చేయించొద్దు, ఒకసారి చేశాక వెనక్కి తియ్యలేరు. మరకలున్నా, సంతకాలున్నా, స్టూడియో ముద్ర ఉన్నా అవన్నీ కనపడేట్టు వెనకవైపు కూడా తియ్యండి. ఫోటోషాప్‌లో మచ్చలు తీసేసి అందంగా చెయ్యాలనిపిస్తే చేసుకోండి, కానీ అది వేరే కాపీగా దాచండి, అసలు స్కాన్‌ని ముట్టుకోవద్దు. కత్తిరించేసిన ఫోటో ఉంటే ఎవరిని కత్తిరించారో తప్పకుండా అడగండి, ప్రతి ఇంట్లో ఒక ఖుంజా హుమాయూన్ ఉంటది.

వీధిలో కూడా ఇదే పని చెయ్యొచ్చు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ల ముందు చేత్తో వేసిన పెద్ద పెద్ద బ్యానర్లు ఉండేవి, ఫ్లెక్సీలు వచ్చాక పోయాయి, ఆ పెయింటర్ల పని ఎంతమంది దాచుకున్నారు చెప్పండి. పాతబస్తీలో చేత్తో రాసిన ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ షాపు బోర్డులు ఇంకా కొన్ని ఉన్నాయి. బోనాలప్పుడు గుడి గోడకి కొత్తగా వేసే పోతురాజు బొమ్మలు, సంక్రాంతి ముగ్గులు, స్కూలు గోడల మీది బొమ్మలు, ఇవన్నీ వచ్చే ఏడుకి మారిపోతాయి. షాపువాళ్ళని అడిగి ఫోటో తియ్యండి, ఒకటి దగ్గర్నుంచి, ఒకటి వీధి మొత్తం కనిపించేట్టు దూరం నుంచి. బోర్డు కింద మూలలో పెయింటర్ పేరు ఉంటే విడిగా అది కూడా. ఫైలు పేరులో ఏడాది, నెల, ఏరియా, షాపు పేరు పెట్టండి, వాట్సాప్‌లో పంపి అదే దాచుకుంటే క్వాలిటీ పోతది కాబట్టి అసలు ఫైలుని హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంచి, వీలైతే ఇంకో కాపీ వేరే ఊళ్ళో ఉన్న చుట్టాల దగ్గర పెట్టండి.